నల్ల టీషర్టు లెక్క

నాలుగేళ్ళ బీటెక్‌లో మనకి ఎన్ని టీషర్టులు వస్తాయో ఎప్పుడైనా లెక్కేశారా? ఫ్రెషర్స్‌కి ఒకటి, బ్రాంచి డేకి ఒకటి, టెక్ ఫెస్ట్‌కి ఒకటి, కల్చరల్స్‌కి ఒకటి, వాలంటీర్లకి వేరే రంగు, స్పోర్ట్స్ మీట్‌కి ఇంకోటి. మా హాస్టల్ గదిలో ముగ్గురం ఉంటాం. దండెం మీద ఆరేసినవి, మంచాల కింద కుక్కినవి, బకెట్లో నానుతున్నవి అన్నీ కలిపి చూస్తే 23 తేలాయి. అందులో 16 నలుపు. మన ఫెస్ట్ కమిటీల కళ్ళకి నలుపు తప్ప వేరే రంగు ఆనదు మరి.

ఈ సంచికకి ‘వినియోగ సంస్కృతి, కనబడని ఖర్చులు’ మీద రాయమని క్లబ్ వాళ్ళు అడిగారు. అంత పెద్ద మాట పట్టుకుని రాస్తే వ్యాసరచన పోటీలా తయారవుతుందని భయమేసి, ఒకే ఒక్క వస్తువు తీసుకున్నా. ఒక ఫెస్ట్‌కి 500 మందికి కుట్టించే నల్ల కాటన్ టీషర్టు. 180 జీఎస్ఎం, ముందు లోగో, వెనక స్పాన్సర్ల పేర్లు. మనం కట్టేది 250 రూపాయలు. ఇందులో మనం కట్టనిది ఎంత, అది ఎవరు కట్టారు అన్నదే ఇక్కడ లెక్క.

మెఫా పేపర్‌లో ‘ఎక్స్‌టర్నాలిటీ’ అని రెండు మార్కుల ప్రశ్న వస్తుంది. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ కట్టకుండా మూడో మనిషి మీద పడే ఖర్చు. బ్రిటిష్ ఆర్థికవేత్త పిగూ 1920లోనే దీని గురించి రాశాడు. ఫ్యాక్టరీ పొగ చుట్టుపక్కల ఇళ్ళ మీద పడితే ఆ మసి కడిగే ఖర్చు ఫ్యాక్టరీ లెక్కల్లో రాదు కదా, అలాంటిది. నాకైతే ఇది థర్మోడైనమిక్స్ భాషలో ఇంకా బాగా అర్థమవుతుంది. ప్రాబ్లమ్ ఇవ్వగానే మొదట సిస్టమ్ చుట్టూ చుక్కల గీత గీయమంటారు. గీత లోపలిది సిస్టమ్, బయటిది సరౌండింగ్స్. గీత చిన్నగా గీస్తే లెక్క సులువు, ఎఫిషియెన్సీ కూడా గొప్పగా కనిపిస్తుంది. 250 రూపాయల టీషర్టు గీత దుకాణం గుమ్మం దగ్గర గీశారు. దాన్ని కాస్త వెనక్కి జరుపుతూ పోదాం.

ఇలాంటి వ్యాసాల్లో మొదట వచ్చే అంకె 2,700 లీటర్లు. ఒక టీషర్టుకి అంత నీరు పడుతుందని. నాకు ఆ అంకె మీద అంత మోజు లేదు. తెలంగాణలో పత్తి చాలావరకు వానాధారం. ఆ 2,700లో ఎక్కువ భాగం ఎలాగూ ఆ చేలో పడే వానే. అదే మధ్య ఆసియాకి వెళ్తే ఆ అంకెకి భయపడాల్సిందే. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు అయిన ఆరల్ సముద్రం, 1960ల నుంచి సోవియట్ ప్రభుత్వం అము దర్యా, సిర్ దర్యా నదుల్ని పత్తి చేలకి మళ్ళించడంతో ఎండిపోయింది. అంటే అంకె ఒకటే, దెబ్బ మాత్రం చోటుని బట్టి. అందుకే ప్రపంచ సగటుల్ని వదిలేసి, మన టీషర్టు దారిలోనే వెళ్దాం.

మొదట పత్తి చేను. 180 గ్రాముల బట్ట రావాలంటే నూలు వడికేటప్పుడు, కత్తిరించేటప్పుడు పోయే తరుగు కలుపుకుని దాదాపు 250 గ్రాముల దూది కావాలి. గింజతో ఉన్న పత్తిలో దూది మూడో వంతే. కాబట్టి టీషర్టుకి ముప్పావు కిలో పత్తి. 2024-25కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకి 7,521 రూపాయలు. అంటే మన 250లో రైతుకి దక్కేది మహా అయితే 56. విత్తనం, ఎరువు, మందు, ఏరిన కూలీ అన్నీ అందులోంచే తీయాలి. అది కూడా తేమ 12 శాతం దాటకుండా ఉండి, సీసీఐ కేంద్రంలో కొంటేనే. 1997-98లో వరంగల్ జిల్లాలో పురుగు పట్టి పంట పోయి, అప్పులు తీరక పత్తి రైతులు వందల్లో ప్రాణాలు తీసుకున్నారు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ, ఆ మందు పీల్చి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇవి పేపర్లో వచ్చినవి, మీకూ తెలిసే ఉంటాయి. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీనికన్నా ఒక మెట్టు వెనక ఉంది. అసలు ఆ విత్తనం ఎక్కడిది?

మాది జోగులాంబ గద్వాల జిల్లా. నడిగడ్డ అంటారు, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేల. బయటివాళ్ళకి గద్వాల అంటే చీరలు. పత్తి విత్తనాల వ్యాపారం తెలిసినవాళ్ళకి మాత్రం గద్వాల అంటే సీడ్ పత్తి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఎక్కువగా మామూలు సూటి రకాలే వేస్తారు. మన దేశంలో దాదాపు అంతా హైబ్రిడ్. ప్రపంచంలోనే వాణిజ్యస్థాయిలో వచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి, హెచ్-4, మనదే. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ అనే శాస్త్రవేత్త తయారుచేశారు. హైబ్రిడ్ గింజని దాచుకుని మళ్ళీ వేస్తే ఆ దిగుబడి రాదు, కాబట్టి రైతు ఏటా కొనాల్సిందే. కొనాలంటే ఎవరో ఏటా తయారు చెయ్యాలి.

ఎలా చేస్తారో చెప్తా, ఎందుకంటే బయోటెక్ వాళ్ళకి కూడా ఇది సిలబస్‌లో ఉండదు. పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. వదిలేస్తే తనతో తనే ఫలదీకరణ చేసుకుంటుంది. హైబ్రిడ్ రావాలంటే అలా జరగనివ్వకూడదు. రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గని ఈరోజు సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో రెక్కల్ని, పుప్పొడి తిత్తుల్ని ఒలిచేయాలి. మధ్యలో ఉన్న కీలాగ్రం మాత్రం విరగకూడదు. మర్నాడు పొద్దున్నే మగ సాళ్ళలో పూలు కోసుకొచ్చి, ముందురోజు ఒలిచిన ఒక్కోదానికి పుప్పొడి అద్దాలి. మా దగ్గర దీన్ని క్రాసింగ్ అంటారు. యంత్రం లేదు. ఒక్క సాయంత్రం తప్పిపోతే ఆ పూటకి వచ్చిన మొగ్గలన్నీ పోయినట్టే. ఇలా ఆగస్టు నుంచి దాదాపు మూడు నెలలు, వానొచ్చినా, పండగొచ్చినా.

మా అమ్మ ఈ పనికి తొమ్మిదో ఏట వెళ్ళింది. సీజన్ మొదట్లోనే మా తాతకి రైతు అడ్వాన్స్ ఇచ్చాడు, మూడు నెలలకి అమ్మ మాట అయిపోయింది. బడి తెరిచేది జూన్‌లో, అమ్మ పేరు కొట్టేసేది సెప్టెంబరులో. రెండేళ్ళు అలా నడిచి, మూడో ఏడు అసలు పేరే రాయించలేదు. నేను ఈ వ్యాసం కోసం ఫోన్ చేసి అడిగితే అమ్మ పెద్దగా బాధపడుతూ ఏం చెప్పలేదు. “మాపటికి మొగ్గలు ఒలవాల, పొద్దుగాల పూలు రుద్దాల. మందు కొట్టిన మడిలోకే పోయేటోళ్ళం. తల నొస్తుండె. అందరు పిల్లలూ పోతుండ్రి గదా, నేను గూడా పోతి,” అంది.

అందరు పిల్లలూ అన్నది నిజమే. దావులూరి వెంకటేశ్వర్లు అనే పరిశోధకుడు 1990ల చివరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ చేలని అధ్యయనం చేశారు. 2003లో వచ్చిన ఆయన నివేదిక అంతర్జాతీయంగా పెద్ద చర్చే లేపింది. పనిచేసేది ఎక్కువగా ఆడపిల్లలు. ‘పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి, మొగ్గ విరగదు’ అని ఊళ్ళో చెప్పే కారణం మీకూ వినిపించి ఉంటుంది. ఆయన చూపించిన కారణం వేరు. కంపెనీ ఆర్గనైజర్‌కి, ఆర్గనైజర్ రైతుకి, ముందే ధర ఖరారు చేస్తారు. ఆ ధరలో పెద్దవాళ్ళ కూలి ఇస్తే రైతుకి ఏమీ మిగలదు. మిగలాలంటే సగం కూలికి వచ్చేవాళ్ళు కావాలి. వేళ్ళ సన్నదనానికి ఇందులో పెద్ద పాత్రేం లేదు.

ఇప్పుడు అసలు లెక్క. ఇది నేను వేసిన ఉజ్జాయింపు లెక్క, తప్పులుంటే అగ్రికల్చర్ కాలేజీ మిత్రులు చెప్పండి. 500 టీషర్టులకి 375 కిలోల పత్తి. అర ఎకరం చేను చాలు. అర ఎకరానికి ఒక ప్యాకెట్ విత్తనం, 2024-25లో దాని ధర 864 రూపాయలు. ఆ ప్యాకెట్లో నాలుగైదు వేల గింజలుంటాయి. ఒక కాయలో పాతిక గింజలనుకుంటే 200 కాయలు. కాయ నిలవకుండా రాలిపోయేవి కూడా కలిపి 400 పూలు అనుకుందాం. “నాలుగు నూర్ల పూలా? అవి ఒక దినం పని గూడా గాదు,” అని అమ్మ నవ్వింది.

అంటే మొత్తం మన ఫెస్ట్‌కి కావలసిన క్రాసింగ్ పని ఒక మనిషికి ఒక్క రోజు కూలి. పెద్ద మనిషి కూలికీ, చిన్న పిల్ల కూలికీ తేడా ఇవాళ్టి రేట్లలో రెండొందలు, రెండొందల యాభై వేసుకోండి. దాన్ని 500 టీషర్టులతో భాగిస్తే అర్ధరూపాయి. పిల్లని బడి మాన్పించి మనకి ఆదా చేసిపెట్టింది టీషర్టుకి 50 పైసలు. అది కూడా మన దాకా రాదు, మధ్యలోనే ఎక్కడో కరిగిపోతుంది.

ఈ అంకె చూశాక నేను చాలాసేపు ఆ కాగితం పక్కన పెట్టలేకపోయా. కనబడని ఖర్చు అంటే ఏదో కొండంత ఉంటుందని, దాన్ని కడితే మన టీషర్టు రెండు వేలవుతుందని అనుకుంటాం. చాలామంది ‘చవగ్గా కావాలంటే తప్పదు’ అనేది కూడా ఆ ధైర్యంతోనే. ఇక్కడ లాభం 500 మందికి, నిజానికి లక్షల మందికి, పైసల్లెక్కన పంచబడి ఎవరికీ తెలియకుండా పోతోంది. నష్టం మాత్రం పంచబడట్లేదు. అది మొత్తం ఒకే పిల్ల మీద పడుతోంది, ఆమె ఐదో తరగతి మీద.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ లాంటి సంస్థలు బడి మానేసిన పిల్లల్ని చేల నుంచి బ్రిడ్జి స్కూళ్ళకి తెచ్చాయి. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. గురుకులాలు వచ్చాయి, నేను చదివింది అందులోనే. మా ఊళ్ళో ఇప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లని క్రాసింగ్‌కి పంపితే నలుగురూ తిడతారు. అయితే ఇది అయిపోయిన కథ మాత్రం కాదు. వెంకటేశ్వర్లు గారి 2015 నివేదిక పేరే ‘కాటన్స్ ఫర్‌గాటెన్ చిల్డ్రన్’. అందులో మన రాష్ట్రాలతో పాటు గుజరాత్ లాంటి చోట్ల చేలు కూడా ఉన్నాయి.

చేను నుంచి మిల్లుకి. ఇక్కడ త్వరగా దాటేస్తా. దూది నూలయ్యే చోట గాలిలో ఎప్పుడూ దుమ్మే, ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. తమిళనాడు పశ్చిమ జిల్లాల మిల్లుల్లో ‘సుమంగళి’ అని ఒక పథకం నడిచింది. పెళ్ళికాని అమ్మాయిల్ని మిల్లు హాస్టల్లో పెట్టి పని చేయించుకుని, మూడేళ్ళు పూర్తయ్యాక పెళ్ళి ఖర్చులకని ఒక మొత్తం చేతికిచ్చేవాళ్ళు. మధ్యలో జబ్బు చేసి ఇంటికెళ్ళిపోతే ఆ డబ్బు అనుమానమే. పేరు మాత్రం ఎంత మంగళకరంగా ఉందో చూడండి.

తర్వాత రంగు. మన నలుపు. ఇక్కడ కాసేపు ఆగాలి.

హోజరీ బట్ట అంటే మనకి తిరుపూర్. కాటన్‌కి ఎక్కువగా వేసేది రియాక్టివ్ రంగులు. నీళ్ళల్లో కాటన్ పీచు పైన ఋణావేశం ఉంటుంది, రంగు అణువుకీ ఋణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆ నెట్టుడు తగ్గించి రంగుని పీచు మీదికి తోయడానికి ఉప్పు వేస్తారు, మామూలు ఉప్పు గానీ సోడియం సల్ఫేట్ గానీ. రంగు ముదురైనకొద్దీ ఉప్పు ఎక్కువ. నలుపుకి లీటరుకి 60 గ్రాములనుకుందాం. మన 500 టీషర్టుల బట్ట 90 కిలోలు. కిలోకి 8 లీటర్ల నీళ్ళ చొప్పున 720 లీటర్లు. అంటే 43 కిలోల ఉప్పు. ఇందులో బట్టకి అంటుకునేది ఏమీ లేదు. ఉప్పు తన పని చేసి, మొత్తం మురుగునీటితో బయటికి పోతుంది. మామూలు బయలాజికల్ ట్రీట్‌మెంట్ వల్ల రంగు తగ్గొచ్చు, కరిగిన ఉప్పు తగ్గదు. తమిళనాడులో బయటికి వదిలే నీళ్ళకి టీడీఎస్ పరిమితి లీటరుకి 2,100 మిల్లీగ్రాములు. 43 కిలోల ఉప్పుని ఆ స్థాయికి పలచన చేయాలంటేనే 20,000 లీటర్ల మంచినీళ్ళు కావాలి. మన హాస్టల్‌కి వచ్చే ట్యాంకర్లు నాలుగు. ఒక్క కాలేజీ, ఒక్క ఫెస్ట్.

తిరుపూర్ పక్కన పారేది నొయ్యల్ నది. ఊరికి దిగువన ఒరత్తుపాళయం దగ్గర 1990ల మొదట్లో సాగునీటి కోసం ఒక డ్యామ్ కట్టారు. కొన్నేళ్ళకే అది డైయింగ్ యూనిట్ల మురుగు నిలిచే చెరువైంది. కింద బావుల్లో నీళ్ళు ఉప్పగా మారాయి, పొలాలు చౌడు తేలాయి. చివరికి ఏమైందంటే, సాగునీటి డ్యామ్‌లో నీళ్ళు నిలపొద్దు మహాప్రభో అని ఆయకట్టు రైతులే కోర్టుకెళ్ళారు. ఆయకట్టుకి నీళ్ళు కావాలని కొట్టుకున్న రైతుల్ని మనం చూశాం, వద్దని కొట్లాడిన వాళ్ళు నాకు తెలిసి వీళ్ళే. ఏళ్ళ తరబడి కేసు నడిచింది. 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు, ఒక్క చుక్క కూడా బయటికి వదలని జీరో లిక్విడ్ డిశ్చార్జ్ స్థాయికి రాని యూనిట్లన్నీ మూసేయమంది. ఏడొందలకి పైగా యూనిట్లు ఆగిపోయాయి. వేలమంది కూలీలకి ఆ నెలలో పని లేదు, అది కూడా ఎక్స్‌టర్నాలిటీయే, తీర్పు వైపు నుంచి వచ్చింది.

తర్వాత ఆర్ఓ ప్లాంట్లు, ఎవాపొరేటర్లు వచ్చాయి. కెమికల్ బ్రాంచి వాళ్ళు ‘మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపొరేటర్’ ప్రాబ్లమ్ చేస్తూ ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుందిరా అని తిట్టుకుంటుంటారు కదా, తిరుపూర్‌లో పనికొస్తోంది. నీళ్ళు, ఉప్పు చాలావరకు తిరిగి వాడుకుంటున్నారు. మిగిలే మిశ్రమ ఉప్పుని ఏం చేయాలన్నది ఇంకా తలనొప్పే. నన్నడిగితే, ఈ మొత్తం దారిలో గీతని నిజంగా వెనక్కి జరిపిన చోటు ఇదొక్కటే. జరిపింది కొనుక్కున్న మనం కాదు, టీషర్టు వ్యాపారంతో సంబంధమే లేని ఆయకట్టు రైతులు.

కుట్టుడు గురించి ఒక్క మాట. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలకి పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తుల్లో ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్ళని మాత్రం పనిలోకి రమ్మన్నారు. ఆర్డర్ టైముకి వెళ్ళాలి కాబట్టి. సివిల్ వాళ్ళు ఆ కేసు చదవాలి, అనుమతి లేకుండా కట్టిన పై అంతస్తులు, వాటి మీద జనరేటర్లు, ఆ కంపనాలు.

వాడేశాక ఏమవుతుంది? మన ఇళ్ళల్లో పాత టీషర్టు మొదట తమ్ముడికి, తర్వాత వంటింట్లో మసిగుడ్డకి, లేదా బొంతలోకి వెళ్ళేది. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వీధిలోకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు నెలకొక టీషర్టు వస్తుంటే ఎన్ని మసిగుడ్డలు కావాలి? గిన్నెలవాడికి కూడా ప్రింటున్న టీషర్టులు వద్దట, చీరలుంటే ఇమ్మంటాడు. అన్నట్టు, మన వర్క్‌షాప్‌లో లేత్ తుడవడానికి ఇచ్చే గుడ్డ పీలికలు ఎప్పుడైనా గమనించారా? వాటిని ‘బనియన్ వేస్ట్’ అంటారు. హోజరీ బట్ట కత్తిరించగా మిగిలిన ముక్కలు. ఎవరో ఒలిచిన పువ్వు, ఎవరో పీల్చిన దుమ్ము, గ్రీజు తుడిచి డబ్బాలో పడేస్తున్నాం. పోనీ కాటన్ మానేసి పాలిస్టర్ డ్రైఫిట్ వేయిద్దాం అంటారు కొందరు. అది ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పీచు నీళ్ళల్లోకి వదులుతుంది, పైగా మన ఎండలకి అది వేసుకుని నిలబడటం ఒక శిక్ష.

ఈసారి ఫెస్ట్ కమిటీ కొటేషన్ ఫారంలో జీఎస్ఎం, రంగు, ప్రింటు, డెలివరీ తేదీ, రేటు అని ఐదు గడులున్నాయి. ‘బట్టకి రంగు వేసిన చోటు’ అని ఆరో గడి కలపమని అడిగా. కలిపారు. మూడు కొటేషన్లొచ్చాయి, మూడింట్లోనూ ఆ గడి ఖాళీ. ఒకాయనకి ఫోన్ చేశా. “సార్, మేం రోల్స్ కొంటాం, కట్ చేస్తాం, ప్రింటేస్తాం. రంగు యాడ ఏసిండ్రో మాకెట్ల తెలుస్తది?” అన్నాడు. అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే తెలీదు. అడిగినవాళ్ళు కూడా ఇంతవరకు లేరట. కాసేపు మాట్లాడాక, రోల్స్ సప్లై చేసే తిరుపూర్ డీలర్ నంబర్ ఇచ్చాడు.

ఆర్డర్ ఇవ్వడానికి ఇంకా పదిహేను రోజులుంది. ఈలోగా వాలంటీర్లకి వేరే టీషర్టు బదులు బ్యాడ్జ్ చాలు అన్న ప్రతిపాదన కూడా మీటింగ్‌లో పెట్టాం, దాని మీద గొడవ నడుస్తోంది. ఆ డీలర్‌కి తమిళం, కొంచెం ఇంగ్లీషు వచ్చట. నాకు తమిళం సినిమాల వరకే. క్లబ్‌లో చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్ళు, తమిళం మాట్లాడగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే గ్రూపులో మెసేజ్ పెట్టండి. శనివారం సాయంత్రం కలిసి ఫోన్ చేద్దాం.